ఫ్రిజ్ తలుపు మీది ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరిది నేటి మెదక్ జిల్లా కొల్చారం అంటారు. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే నియమం పెట్టుకున్నాడు. ఆ ప్రాంతం వాడే అయిన ఒక పెళ్లికొడుకు ఇంటి ఫ్రిజ్ మీది పద్యానికి వ్యాఖ్య రాయబూనిన నేను మాత్రం అలాంటి నియమమేదీ పెట్టుకోలేదు. పెట్టుకుంటే నాలుగు పాదాల పద్యానికి ఇంత వ్యాఖ్య ఎక్కడి నుంచి వస్తుంది?

కవయిత్రి గుంటూరు ఆడపడుచు, లూథరన్ల పిల్ల. నాయకుడు మెదక్ వాడు, సి.ఎస్.ఐ. కుటుంబం. మే నెలలో పెళ్లి, వానలు పట్టే వేళకు జర్మనీలోని హాంబర్గ్‌లో కాపురం. డిసెంబరులో ఇంటికి పోదామంటే కొత్త ఉద్యోగంలో సెలవు దొరకలేదు. సెలవు దొరికిన రోజులకు టికెట్ అందలేదు. అంతవరకూ ప్రతి క్రిస్మస్‌కూ కొత్తబట్టలు కట్టుకుని పీట మీద కూర్చున్నవాళ్లే తప్ప, పీట వేసినవాళ్లు కారు. ఇప్పుడు పీటా వాళ్లే వేసుకోవాలి, వడ్డనా వాళ్లే చేసుకోవాలి. గుంటూరు పద్ధతా, మెదక్ పద్ధతా అని వాదోపవాదాలు నడిచాక, నాయిక ఈ పద్యం చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించింది.

మూలం

ఆ. చిన్న చెట్టు చాలు, చీకటయ్యే లోపు
సరుకులన్ని తెచ్చి సర్దుకొనుము;
అరిసె లైదు చాలు; ఆలుగడ్డకు పోపు;
నడిమి రేయి గుడికి నడువవలయు.

ప్రతిపదార్థం

చిన్న చెట్టు = కుండీలో ఇమిడే ఫర్ మొక్క; చాలు = సరిపోవును (ఇక ఈ విషయం ఎత్తవద్దని భావము); చీకటి అయ్యే లోపు = పొద్దు గుంకక మునుపే; సరుకులు అన్ని = పాలు, గుడ్లు, ఉల్లిపాయలు మొదలుగాగల సమస్త పదార్థములను; తెచ్చి = మెట్ల మీదుగా మోసుకొని వచ్చి; సర్దుకొనుము = అలమరలో అమర్చుము, మఱియు ఉన్నంతలో సరిపెట్టుకొనుము; అరిసెలు ఐదు = అయిదు సంఖ్యగల అరిసెలు; చాలు = సరిపోవును (ఇది అమ్మకు చెప్పవద్దని భావము); ఆలుగడ్డకు = ఉడికించి ముక్కలు కోసిన ఆలుగడ్డలకు; పోపు = ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుల తాలింపు (పెట్టవలెనని అధ్యాహారము); నడిమి రేయి = అర్ధరాత్రమున; గుడికి = చర్చికి; నడువవలయు = కాలినడకన పోవలెను.

తాత్పర్యం

ఓ నాథా! మన ఇల్లు ఒంటి పడకగది ఇల్లు గనుక పెద్ద చెట్టు తేవద్దు. కొట్లు మూయకముందే సరుకులు తెచ్చిపెట్టు. నాకు అరిసెలు వండడం ఇదే మొదలు గనుక ఐదింటికి మించి ఆశించకు. ఈ దేశపు పండుగ వంట ఆలుగడ్డ సలాడ్ అంటున్నారు గనుక అదే చేద్దాం. పోపు లేకుండా మాత్రం నువ్వూ తినవు, నేనూ తినను. అర్ధరాత్రి ఆరాధనకు వెళ్దాం, మఫ్లర్ మరిచిపోకు.

విశేషాలు

*మొదటి పాదం.* గుంటూరు సీమలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మ. దానికి దూది అంటిస్తే మంచు, రంగు కాగితాలు కడితే అలంకారం. జర్మనీ సాక్షాత్తూ క్రిస్మస్ చెట్టుకు పుట్టిల్లు. అక్కడ సంతల్లో మనిషెత్తు ఫర్ చెట్లను వలలో బిగించి అమ్ముతారు. పుట్టింట్లో కొమ్మతో సరిపెట్టుకున్న పిల్ల, అసలు చెట్లు రాసులు పోసి ఉన్న ఊరికి వచ్చి ‘చిన్నది చాలు’ అనడం విరోధాభాసమని తోచవచ్చు. అది ఆభాసమే. ఆమె అడుగుతున్నది మళ్లీ కొమ్మంత చెట్టునే.

మెదక్ మతం వేరు. చెట్టు ఉన్నా లేకున్నా డిసెంబరు మొదటికల్లా ఇంటి ముందు నక్షత్రం వేలాడాలి. నాయకుడు హాంబర్గ్ సంతలో కోణాలు కోణాలుగా పొడుచుకు వచ్చిన కాగితపు నక్షత్రాన్ని చూసి ‘ఇది మన దర్వాజకు కట్టేదే’ అని మురిసిపోయి కొన్నాడు. దాన్ని హెర్న్‌హుట్ నక్షత్రం అంటారు. 19వ శతాబ్దంలో మొరేవియన్ క్రైస్తవుల వసతి బడుల్లో పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి చేయించిన బొమ్మ అది. లెక్కల మాస్టారి పాఠం కాస్తా పండుగ అలంకారమై కూర్చుంది. దీన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, సిద్ధాంతంలో అవసరం పడుతుంది.

*రెండో పాదం.* మొదటి పాదం చివరినుంచి దీనికి అన్వయించే ‘చీకటయ్యే లోపు’ అన్నచోట ఘోరమైన అర్థదోషం ఉంది. డిసెంబరులో హాంబర్గ్‌లో సాయంత్రం 4 గంటలకే పొద్దు గుంకుతుంది. కానీ 24న కొట్లు మధ్యాహ్నం 2 గంటలకే మూసేయాలని అక్కడి చట్టం. ఆపైన 25, 26 రెండూ సెలవులే. పక్కనే ఆదివారం వచ్చిందంటే అదీ సెలవే. అంటే పద్యంలోని గడువుకూ చట్టంలోని గడువుకూ మధ్య రెండు గంటల అగాధం. ‘రెండు కొట్టు లోపు’ అంటే యతి చెడుతుందని కవయిత్రి ‘చీకటయ్యే’ అన్నది. నాయకుడు పద్యాన్ని వాచ్యార్థంలో తీసుకుని మూడింటికి సంచి పట్టుకుని బయల్దేరాడు. వీధిలో తెరిచి ఉన్న కొట్టు ఒక్కటీ లేదు.

దీని పర్యవసానం తెలియాలంటే ప్రక్షిప్త భాగం చూడాలి. చీటీ అడుగున వేరే సిరాతో, వేరే దస్తూరీతో ‘25: బగారా అన్నం, మటన్’ అని ఉంది. ఇది కవయిత్రి రచన కాదనడానికి ప్రమాణాలు రెండు: ఛందస్సు లేదు, నాయకుడి చేతికి సిరా మరక ఉంది. కొట్లు మూసి ఉండడంచేత మటన్ రాలేదు. ఫ్రిజ్‌లో గుడ్లున్నాయి. బగారా అన్నంలోకి కోడిగుడ్డు కూర వండారు. ‘సర్దుకొనుము’ అన్న క్రియకు కవయిత్రి ఉద్దేశించని రెండో అర్థం ఇక్కడ సిద్ధించింది. శ్లేష కవి కల్పించడం లోకంలో చూశాం. చట్టం కల్పించడం ఇక్కడే చూస్తున్నాం.

*మూడో పాదం.* ఇది పద్యానికి ప్రాణం. గుంటూరులో అరిసెలు లెక్కపెట్టి వండరు, డబ్బాలు పెట్టి వండుతారు. బియ్యం నానబోసి, తడిపిండి ఆరకుండా జల్లించి, బెల్లం పాకం ఉండపాకానికి రాగానే పిండి కలిపేందుకు ఒకరు, వత్తేందుకు ఒకరు, నూనెలోంచి తీసి నొక్కేందుకు ఒకరు కావాలి. క్రిస్మస్‌కు వండిన అరిసెలు వీధిలో అన్ని మతాల ఇళ్లకూ వెళ్తాయి. సంక్రాంతికి ఆ ఇళ్లనుంచి తిరిగి వస్తాయి. మరి ఐదేమిటి? ఇంట్లోవాళ్లకు రెండు, ఎదుటి ఫ్లాటులోని ముసలి దంపతులకు రెండు, పాకం కుదిరిందో లేదో చూసేందుకు ఒకటి. ఎదుటివాళ్లు గిన్నెలో వెన్న బిస్కట్లు వేసి తిరిగి ఇచ్చారు. ఖాళీ గిన్నె పంపకూడదన్న ధర్మం గుంటూరుదే అనుకున్న నాయికకు హాంబర్గ్‌లోనూ ఆ శాఖ ఉందని తేటపడింది.

‘చాలు’ రెండుసార్లు రావడం పునరుక్తి దోషం కాదా? కాదు. మొదటి చాలు మొగుడికి, రెండో చాలు తల్లికి. సంబోధ్యులు వేరైనప్పుడు పునరుక్తి లేదు.

‘చాలు, ఆలుగడ్డకు’ అన్నచోట సంధి జరగలేదు. ఇది వ్యాకరణ లోపమని కొందరు తప్పుపడతారు. ఆలుగడ్డ విషయంలో నిజంగానే వాళ్లిద్దరికీ సంధి కుదరలేదు. జర్మనీలో 24 రాత్రి ఎన్నో ఇళ్లలో వండేది ఆలుగడ్డ సలాడూ సాసేజీలే. ఒకప్పుడు ఆ రోజు ఉపవాస దినం గనుక భోజనం అంత సాదాగా ఉంటుందని చెబుతారు. ఆ సలాడ్‌లోనూ మతభేదాలున్నాయి: ఉత్తరాది వాళ్లది మయొనైజ్ మతం, దక్షిణాది వాళ్లది వినెగరు, మాంసపు రసాల మతం. నాయిక మయొనైజ్ వద్దంది. నాయకుడు వినెగరు వద్దన్నాడు. పోపు మీద మాత్రం ఇద్దరికీ ఏకాభిప్రాయం. అలా మూడో మతం ఆవిర్భవించింది.

ఇంకొక సంగతి. గుంటూరు పిల్ల బంగాళాదుంప అనకుండా అత్తవారి వైపు మాట ఆలుగడ్డ వాడింది. గణాలకు సరిపోయిందని ఛాందసులు అంటారు. ఏడు నెలల కాపురం తెలిసినవాళ్లు వేరే అంటారు.

*నాలుగో పాదం.* మన ఊళ్లలో క్రిస్మస్ రాత్రి క్యారల్స్ బృందాలు డోలకులతో ఇల్లిల్లూ తిరిగి తెల్లవార్లూ పాడతాయి. హాంబర్గ్‌లో రాత్రి 10 దాటితే ఇరుగుపొరుగుకు వినబడేలా చప్పుడు చేయకూడదు. అందుకే కవయిత్రి ‘పాడవలయు’ అనక ‘నడువవలయు’ అన్నది. ఇక ‘నడిమి రేయి’లో గొప్ప గణితం ఉంది. చలికాలంలో జర్మనీకీ మనకూ నాలుగున్నర గంటల తేడా. అక్కడ రాత్రి 11 గంటల ఆరాధన ముగించుకుని పన్నెండింటికి బయటికి వచ్చేసరికి ఇక్కడ 25 తెల్లవారుజాము నాలుగున్నర. గుంటూరులో తలంట్లు అయి కొత్తబట్టల మడతలు విప్పుతుంటారు. మెదక్‌లో పెద్ద చర్చి దారులు జనంతో నిండుతుంటాయి. వీడియో కాల్ చేస్తే రెండిళ్లూ మేలుకునే ఉంటాయి. ఒకే గంటలో మూడు క్రిస్మస్‌లు దొరికే ఈ ముహూర్తాన్ని ఏ పంచాంగకర్తా పెట్టలేదు, భూమి తిరగడం వల్ల వచ్చింది.

పాఠాంతరాలు

1. ‘అరిసె లైదు కాదు’ – గుంటూరు ప్రతి. నాయిక తల్లి ఫోనులో సవరించిన పాఠం. “ఐదేంటే! ఇంటికెవరన్నా వస్తే ఏం పెడతావ్, నీ మొహమా?” గణాలు సరిగ్గా సరిపోతాయి గనుక ఈ పాఠాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం.

2. ‘ఆలుగడ్డకు యాట’ – మెదక్ ప్రతి. ఆలుగడ్డకు బదులు యాట మాంసమని అర్థం. “పండుగ పూట యాట కూర లేకుంటెట్ల బిడ్డా?” అని అత్తమ్మ వ్యాఖ్యానం. ఇదీ ఛందస్సుకు సరిపోతుంది. ఫ్రిజ్‌లో ఉన్న సరుకుకు మాత్రం సరిపోదు.

పూర్వపక్షం

ఇవన్నీ గత్యంతరం లేక చేసినవి. ఇల్లు ఇరుకని చిన్న చెట్టు, చేతకాక ఐదు అరిసెలు, కొట్టు మూసి కోడిగుడ్డు కూర. వీటిని సర్దుబాట్లు అనాలి గానీ సంప్రదాయం అనవచ్చునా? సంప్రదాయమంటే తాతల నాటినుంచి వచ్చేది కదా?

సిద్ధాంతం

వచ్చేదే, అయితే తాతల దగ్గరికి ఎలా వచ్చిందో అడగాలి. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు వరుసగా కొవ్వొత్తులు వెలిగించే ఆగమనకాలపు పచ్చని చక్రం నేడు లోకమంతా ఉంది. అది పుట్టింది ఈ దంపతులున్న హాంబర్గ్‌లోనే. 1839లో యోహాన్ హిన్రిష్ విహెర్న్ అనే క్రైస్తవ వేదాంతి, తాను నడిపే అనాథ పిల్లల ఆశ్రమంలో పిల్లలు క్రిస్మస్ ఎప్పుడని రోజూ పీకుతుంటే, ఒక బండిచక్రం మీద మామూలు రోజులకు చిన్న కొవ్వొత్తులు, ఆదివారాలకు పెద్దవి నిలిపి రోజుకొకటి వెలిగించాడు. పిల్లల పోరు పడలేక చేసిన ఏర్పాటది.

మెదక్ చర్చి సంగతి చూడండి. కరువు రోజుల్లో జనానికి పని చూపి కడుపు నింపడానికి పాస్నెట్ అనే పాదిరి ఆ కట్టడానికి పూనుకున్నాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నాయకుడి ముత్తాతల కాలంలో అది కరువు పని, నాయకుడికి అది పండుగ.

గుంటూరు లూథరన్ల కథ మరీ చిత్రం. 1842లో గుంటూరు వచ్చి ఆ సంఘానికి పునాది వేసిన హయ్యర్ పాదిరి అమెరికా నుంచి వచ్చినా, పుట్టింది ఉత్తర జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. అంటే అమ్మమ్మ నేర్పిన ఆచారాలు వదిలి జర్మనీ ఆచారాలు పట్టానని నాయిక బాధపడనక్కర్లేదు. హయ్యర్ దొర వెంట అరిసె రాలేదు. క్రిస్మస్‌కు ఏం వండాలని తడుముకుని, ఇంట్లో సంక్రాంతికి చేతనైన వంటే చేసిన కొత్త కోడలు ఆ తరంలోనూ ఎవరో ఉండే ఉంటుంది.

కాబట్టి నక్షత్రం చేయించిన లెక్కల మాస్టారితో సహా ఇంతమందీ ముందు సర్దుకున్నారు. తర్వాతివాళ్లు దాన్ని సంప్రదాయం అన్నారు. సర్దుబాటుకు సిగ్గుపడనవసరం లేదు. రెండో ఏడు కూడా దాన్నే ఇష్టపడి చేయడమొక్కటే కావలసింది. ఈ దంపతులకు వచ్చే ఏడు మటన్ దొరుకుతుంది, రెండు గంటల గడువు ఇప్పుడు ఇద్దరికీ కంఠతా. అయినా బగారా అన్నంలోకి కోడిగుడ్డు కూరే వండుకుంటే అది సంప్రదాయం. మటన్ వండుకుంటే నిరుటిది వట్టి మతిమరుపు. ఇంతకంటే సూక్ష్మ లక్షణం అలంకార శాస్త్రంలోనూ దొరకదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ఆగమనకాలంలో రోజుకొకసారి పఠించిన కొత్త దంపతులకు సరుకులు వేళకు సమకూరును. అత్తింటి, పుట్టింటి ఫోన్లు ఒకే సమయమున మోగకుండును. పాతికేళ్ల తర్వాత వారి కూతురు తన కొత్త కాపురంలో మొగుడితో, “మా ఇంట్లో 25న కోడిగుడ్డు కూరే, ఆలుగడ్డకు పోపు పెట్టకపోతే అది క్రిస్మసే కాదు” అని తగువు పడును. అతడు తన ఇంటి పద్ధతి వేరనును. అప్పుడు ఆమెయు ఒక ఆటవెలది రాసుకొనును. దానికి వ్యాఖ్య రాయు భారము ఆనాటి పండితులది.