ప్లస్ ఫైవ్ కాంటూరు గారికి ఒక మనవి

మహారాజశ్రీ కొల్లేరు ప్లస్ ఫైవ్ కాంటూరు గారి సముఖమునకు, వట్లూరు వాస్తవ్యుడు నమస్కరించి చేసుకొను మనవి.

అయ్యా, ఈ అర్జీ ఎవరికి పెట్టుకోవాలో చాలాకాలం తేలలేదు. ఎమ్మెల్యే గారు అయిదేళ్ళకు మారతారు, కలెక్టరు గారు అంతకు ముందే మారతారు. 2022 ఏప్రిల్లో ఏకంగా జిల్లాలే మారాయి. కైకలూరు కృష్ణా నుంచి వచ్చి ఏలూరులో కలిసింది, ఆకివీడు పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది. 1999 అక్టోబరులో జీవో 120తో కొల్లేరు అభయారణ్యానికి హద్దు గీతగా చార్జి పుచ్చుకున్న తమరు మాత్రం కుర్చీ దిగలేదు. బదిలీ లేదు, రిటైర్మెంటు లేదు. ఆఫీసు లేదు, బంట్రోతు లేడు, ఆ మాటకొస్తే తమకు ఆకారమే లేదు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున కొలువై ఉన్నారని కాగితం చెబుతోంది, అంతే. ఏలూరు తివాచీలకు పేరుపడ్డ ఊరు కదా, తమకొకటి పరిచి స్వాగతం చెబుదామన్నా ఎక్కడ పరవాలో తెలియదు. కొల్లేటి లంకల్లో మాత్రం బ్యాంకు అప్పు పుట్టాలన్నా, ఆడపిల్లకు సంబంధం కుదరాలన్నా, రోడ్డుకు తారు పడాలన్నా ముందు తమ పేరే వస్తుంది. ఇంతటి నాయకులు ఈ చుట్టుపక్కల మరొకరు లేరు గనుక తమకే రాసుకుంటున్నాను.

తమ ఏలుబడి 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ జాబితాకు ఎక్కించినవాళ్ళు పెద్ద మనసుతో పదడుగుల ఎత్తుదాకా, అంటే 901 చదరపు కిలోమీటర్లు, కొల్లేరే అన్నారు. తమ తమ్ముడు ప్లస్ త్రీ గారికి దక్కేది 135. మా నాయకులకు, జెండా ఏ రంగుదైనా, ఆ తమ్ముడి మీదే ప్రాణం. ఎన్నికల జీపు లంకలోకి దిగిందంటే మైకులో ముందు వినబడేది ఆయన పేరే. 2008లో అసెంబ్లీ ఆయనకు పట్టం కడుతూ తీర్మానం కూడా చేసింది. ఢిల్లీ వాళ్ళు అజీజ్ కమిటీని పంపితే, గీత దించడానికి వీల్లేదని అది తేల్చేసింది. అయినా హామీకి మాత్రం కాలదోషం పట్టలేదు. నెరవేరితే మళ్ళీసారి ఏమి చెప్పుకోవాలన్న భయం కూడా ఉండి ఉంటుందని నా అనుమానం.

తమరు లేనప్పుడు ఏం జరిగిందో కూడా మనవి చేయాలి. చేపల చెరువులు పిలవని పేరంటానికి రాలేదండీ. 1970లలో జలగం వెంగళరావు గారి ప్రభుత్వమే లంకల్లో సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వుకోమంది. సంఘంలో సభ్యులు వడ్డి కులపు జాలర్లు. పోనుపోను చాలాచోట్ల చెరువు మాత్రం లీజు కాగితం మీద పైఊళ్ళ పెట్టుబడి చేతికి పోయింది. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాలు, అస్సాం వెళ్ళాయి, లాభం ఇంకో దారి పట్టింది. 2006లో తమ పేరు చెప్పి పొక్లెయిన్లు దిగాయి, గట్లు మందు పెట్టి పేల్చారు. లీజుదారు సర్దుకుని తమ గీతకు పైన ఇంకో చెరువు వెతుక్కోగలడు. ఏటా చేతికందే నాలుగు రాళ్ళ వాటా పోగొట్టుకున్న సంఘం సభ్యుడు ఎక్కడ వెతుక్కుంటాడు? తర్వాత గట్లు మళ్ళీ లేచాయి. అవి ఎవరివో ఊరందరికీ తెలుసు, రికార్డుకు తెలియదు. 2025లో సుప్రీంకోర్టు మళ్ళీ కన్నెర్రజేసింది, కేంద్ర సాధికార కమిటీ వచ్చి సంచులకొద్దీ వినతిపత్రాలు పుచ్చుకుని వెళ్ళింది.

ఇందులో జిరాయితీ రైతు గోడు వేరు. తమ గీత లోపల పట్టా భూములే పద్నాలుగు వేల ఎకరాల పైచిలుకు. తాత పేరున పాసుపుస్తకం ఉన్నా అందులో చేపపిల్ల వదిలితే నేరం. పరిహారమంటారు, కొంటామంటారు, మాట దగ్గరే ఆగిపోతారు. ఈ ఒక్క పద్దు కింద డబ్బు పెట్టి ఉంటే, తమరిని అయిదు నుంచి మూడుకు దించాలన్న గోలలో సగం ఎప్పుడో చల్లారేది. గీత మార్చడానికి తీర్మానం చాలు, పరిహారానికి ఖజానా కావాలి. మా వాళ్ళు మొదటిది ఎందుకు ఎంచుకున్నారో తమకు వేరే చెప్పాలా?

ఇక మా సంగతి. వట్లూరు తమ గీతకు పైన, ఏలూరు అంచున ఉంది. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, మేము, అందరం ఒకే దెందులూరు నియోజకవర్గం ఓటర్లం. వాళ్ళు గట్టు వేస్తే కేసు. మా వైపు వరిచేను రాత్రికి రాత్రి ప్లాట్లయి సిమెంటు రాళ్ళు పాతుకుంటే అభివృద్ధి. మా కాలువల మురుగు, ఏలూరు మురుగు, తమ్మిలేరు మోసుకొచ్చేదీ అన్నీ పల్లానికే, తమ కొలువులోకే చేరతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కూడా చివరికి తమ దగ్గరికే వచ్చింది, ఏలూరు-కైకలూరు రోడ్డు మీద నీళ్ళు పారాయి. వచ్చే దారులు ఇన్ని ఉంటే, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అదీ అరవై కిలోమీటర్ల పైచిలుకు, ఒళ్ళంతా వంకర్లు, పూడిక, ఆక్రమణలు. వర్షాకాలం నీళ్ళను పోనివ్వదు, వేసవిలో సముద్రపు ఉప్పును ఎదురు రానిస్తుంది. 1964 వరదల తర్వాత వేసిన మిత్రా కమిటీ నాటి నుంచి ఉప్పుటేరు మాట నడుస్తూనే ఉంది. రెగ్యులేటర్లు కడతామన్నారు, ఇంకా అంటూనే ఉన్నారు. నీళ్ళు నిలవకపోతే గూడబాతులు ఆటపాకలో ఏం తిని బతుకుతాయో, నీళ్ళు కదలకపోతే లంకల్లో మనుషులు ఏం తాగి బతుకుతారో, ఈ రెంటికీ జవాబు ఉప్పుటేరులోనే ఉంది గాని తమ అంకెలో లేదు.

కనుక తమరు ఉన్నచోటే ఉండండి, మూడుకు దిగవద్దు. కాకపోతే ఒక్కసారి కాగితం మీంచి నేల మీదికి రండి. సర్వే రాయిగా ఊరూరా నిలబడండి. ఎవరి గట్టు లోపలిదో, ఎవరిది బయటిదో తాసీల్దారు గారు చెప్పక్కర్లేకుండా దారినపోయేవాడికి తెలియాలి. తమరి రాయి పక్కనే మా పైఊళ్ళ మురుగు కాలువ నోట కూడా ఒక రాయి పాతించి, దాని మీద మా ఊరి పేరు చెక్కించండి. మేమేమీ అనుకోం.

చిత్తగించవలెను.
ఇట్లు,
తమ గీతకు పైనున్న ఒక వట్లూరు ఓటరు.

నకలు: శ్రీ ప్లస్ త్రీ కాంటూరు గారికి, వారి నియామకం 2008 నుంచి పరిశీలనలో ఉన్నందున, సమాచార నిమిత్తం.