అన్నంతో ఆడుకోండి

అన్నం ముందు కూర్చుని ఫోన్ చూడొద్దంటారు. తిండితో ఆటలొద్దంటారు. మెటికలు విరవొద్దంటారు. వంటింట్లో ప్రయోగాలు చేసి సరుకు తగలెయ్యొద్దంటారు. ఈ నాలుగూ చెయ్యమనే నా సలహా. తిండి గురించీ ఒంటి గురించీ వచ్చే వింత వీడియోలను కడుపారా చూడండి. కానీ ఏ వీడియోనూ కూర్చున్నచోటే పూర్తిచెయ్యకండి. సగంలో ఆపి, లేచి, వాళ్ళు చేస్తున్న పనే మీ చేత్తో చెయ్యండి. చారు చల్లారితే చల్లారనివ్వండి. చేసి చూడకుండా మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి, ఎంత మంచి వీడియో అయినా సరే.

పెనంతో మొదలుపెట్టండి. అట్టు పోసేముందు పెనం మీద నీళ్ళు చిలకరించడం మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలిసిన పనే. ఈసారి పెనాన్ని మామూలు కన్నా ఎక్కువ కాలనివ్వండి. ఇనప పెనం అయితేనే సుమా, నాన్‌స్టిక్‌ది ఖాళీగా అంత కాల్చకూడదు. మొదట వేసిన చుక్క చుయ్‌మని క్షణంలో ఇగిరిపోతుంది. ఇంకా కాల్చి మళ్ళీ వేస్తే ఇగరదు. గుండ్రంగా పూసకట్టి పెనమంతా పరుగులు పెడుతుంది, చప్పుడు కూడా చెయ్యదు. వేడి పెరిగితే నీళ్ళు ఇంకా తొందరగా ఆవిరైపోవాలి గదా అనిపిస్తుంది. జరిగేది దానికి తలకిందులు. సుమారు 200 డిగ్రీలు దాటాక చుక్క అడుగున పుట్టిన ఆవిరే దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. నీరు ఇనుమును తాకదు, తాకదు కనుక వేడి తొందరగా ఎక్కదు. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు ఎర్రగా కాలిన ఇనప చెంచాలో చుక్కలు వేసి చూసి దీని గురించి రాశాడు. అట్లు పోసే ఆవిడకు ఇది రోజూ పనికొచ్చే సంగతి. చుక్క పరిగెత్తిందంటే పెనం మితిమీరి కాలినట్టే, పిండి పరుచుకోకుండా గరిటెతోపాటే ముద్దగా లేచి వస్తుంది. అప్పుడు ఇంకాసిని నీళ్ళు చల్లి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది చల్లార్చుకోవాలి. వీడియోలో ఆ చుక్కల వెనక సంగీతం పెడతారు. అసలు వినాల్సింది ఆ చుయ్‌మనే చప్పుడు ఎక్కడ ఆగిపోయిందన్నదే.

తరవాత ఒక పాత బనీను పాడుచెయ్యండి. పసుపు నీళ్ళు ఒలకబోసి, ఆరాక ఆ మరక మీద బట్టల సబ్బు రుద్దండి. పచ్చమరక ఎర్రబడుతుంది. దానిమీద నిమ్మకాయ పిండితే మళ్ళీ పచ్చగా అవుతుంది. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుస్తుంది, పులుపు తగిలితే పాత రంగుకు వచ్చేస్తుంది. ఎక్కడివాళ్ళో గాజు గ్లాసుల్లో చేసి చూపిస్తే నోరెళ్ళబెట్టి చూస్తాం గానీ, పెళ్ళిలో దిష్టి తీసే ఎర్రనీళ్ళు పసుపూ సున్నమూ కలిపినవే గదా. ఈసారి ఆ పళ్ళెం కలిపేటప్పుడు పిల్లలను దగ్గర నిలబెట్టుకుని, చెంచాతో చిటికెడు సున్నం వాళ్ళ చేతే వేయించండి.

ఇక అన్నం. 2017 జూన్‌లో హైదరాబాద్‌లో ప్లాస్టిక్ బియ్యం అమ్ముతున్నారని గగ్గోలు పుట్టింది. అన్నాన్ని ఉండ చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతున్న వీడియోలు ఊళ్ళు తిరిగాయి. అధికారులు నమూనాలు పరీక్ష చేయిస్తే ప్లాస్టిక్ ఎక్కడా లేదు. అయినా ఆ వీడియో చావలేదు, ఎక్కడో ఒకచోట మళ్ళీ మళ్ళీ లేస్తూనే ఉంది. చూసి భయపడ్డవాళ్ళలో తమ ఇంటి అన్నాన్ని నేలకేసి కొట్టి చూసినవాళ్ళు తక్కువ. మీరు కొట్టండి. కింద పడ్డ మెతుకును కళ్ళకద్దుకునే ఇళ్ళు మనవి, ఆ సంగతి మరిచిపోయి చెప్పడం లేదు. గుప్పెడు చాలు, తరవాత కాకులకు పెట్టెయ్యొచ్చు. మెత్తగా ఉడికిన అన్నాన్ని గోరువెచ్చగా ఉండగానే బాగా పిసకండి. మెతుకు చితికి, మధ్యలో గాలి పోయి, అరచేతికి జిగురు అంటుకోవడం మొదలవుతుంది. చేతులు తడిచేసుకుని గట్టిగా ఉండ కట్టి గచ్చు మీద వెయ్యండి. ఎగురుతుంది. మీ సొంత పొలంలో పండిన బియ్యమైనా ఎగురుతుంది. బియ్యంలో ఉండేదంతా దాదాపు పిండిపదార్థమే. అది ఉడికి నీళ్ళు పట్టాక నొక్కితే అణుగుతుంది, వదిలితే పొంగుతుంది. ఇంకా అనుమానం తీరకపోతే నాలుగు బియ్యపు గింజలు పట్టకారుతో పట్టుకుని మంట మీద పెట్టండి. నల్లగా మాడి, మాడిన అన్నం వాసనే వస్తుంది. ప్లాస్టిక్ అయితే కరిగి కారాలి.

రేషన్ బియ్యం కడిగేటప్పుడు నీళ్ళలో తేలే గింజల సంగతి వేరు. అది కళ్ళారా చూసి పడిన అనుమానం, నవ్వి కొట్టిపారెయ్యకూడదు. ఆ గింజలు మిగతావాటిలా ఉండవు, ఒకలాంటి పసుపు రంగులో ఉండొచ్చు. నిజంగానే అవి చేనులో పండినవి కావు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, యంత్రంలో గింజ ఆకారంలో వత్తి, 100 కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపినవి. ఫోర్టిఫైడ్ బియ్యం అంటే ఇదే. 2024 కల్లా ప్రభుత్వ పథకాలన్నిటిలో ఈ బియ్యమే ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. తేలిన గింజలు నాలుగు ఏరి, నానబెట్టి, వేళ్ళ మధ్య నలపండి. పిండి అవుతాయి. అంతకు మించిన పరీక్ష మీ వంటింట్లో అక్కర్లేదు. ఒక వీడియో చూసి ఆ గింజలను ఏరి పారబోసే తల్లి, తన బిడ్డకు రక్తం పట్టాలని కలిపినదాన్నే ఆ బిడ్డ కంచంలోంచి తీసేస్తోంది. ఇలాంటి వీడియోల మీద నాకు తగ్గని కోపం ఇందుకే. ఆ తల్లిమీద కాదు. ఆ గింజ ఏమిటో ఆమెకు చౌకధరల దుకాణం దగ్గరే చేతిలో పెట్టి నలిపి చూపించాల్సింది.

ఒంటి విషయానికొస్తే, మెటికలు విరవండి. మనవడి బుగ్గలు తడిమి, చేతులు తన కణతలకు ఆనించి బామ్మ మెటికలు విరిస్తే దిష్టి పోయిందంటాం. అదే మనవడు పుస్తకం ముందు కూర్చుని వేళ్ళు విరుచుకుంటే కీళ్ళు అరిగిపోతాయని కసురుతాం. అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అనే వైద్యుడికి చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇదే మాట చెప్పింది. ఆయన అరవై ఏళ్ళకు పైగా ఎడమచేతి మెటికలు మాత్రమే విరుస్తూ, కుడిచేతిని పోలిక కోసం వదిలేశాడు. చివరికి చూస్తే ఏ చేతిలోనూ కీళ్ళవాతం లేదు. 2009లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వించే పనులకిచ్చే బహుమతి అది, కానీ నాకు ఆయన ఓపిక మీద గౌరవమే. ఒక మనిషి చేతులతో శాస్త్రం తేలదు, నిజమే. అయినా విన్న మాటను తన ఒంటి మీదే అన్నేళ్ళు పరీక్షకు పెట్టినవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆ చప్పుడు ఎముకలు ఒరుసుకోవడం వల్ల వచ్చేది కాదు. కీలు సాగినప్పుడు అందులోని ద్రవంలో వాయువు చేరి ఖాళీ ఏర్పడుతుంది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ఎంఆర్ఐలో అది ఏర్పడుతుండగానే చూశారు. ఒకసారి విరిచిన వేలు వెంటనే మళ్ళీ విరగదు, ఇరవై నిమిషాలైనా ఆగాలి. గడియారం దగ్గర పెట్టుకుని చూడండి. నొప్పో వాపో ఉంటే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.

ఆ ఇరవై నిమిషాల్లో ఒక శనగగింజ తెచ్చుకోండి. చూపుడువేలి మీదికి మధ్యవేలిని మెలిపెట్టి, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళ కొసల మధ్యా గింజను అటూ ఇటూ దొర్లించండి. రెండు గింజలున్నట్టు తెలుస్తుంది. మెలిపడ్డ వేళ్ళకు బయటి అంచులే గింజ వైపు వస్తాయి. మామూలుగా ఆ రెండు అంచులనూ ఒకే వస్తువు ఒకేసారి తాకదు, అందుకని మెదడు రెండుగా లెక్కకడుతుంది. అరిస్టాటిల్ కాలం నుంచీ తెలిసిన వింత ఇది. "అమ్మమ్మా, ఎన్ని గింజలున్నాయో చెప్పు" అని అడగండి. రెండంటుంది. కళ్ళు తెరిచి చూశాక కూడా వేళ్ళకు రెండే తెలుస్తాయి.

నాలుక కొసన తీపి, వెనక చేదు అని గళ్ళు గీసిన బొమ్మను నమ్మకండి. నాలుక వెనక కాస్త తేనె రాస్తే సరిపోతుంది, తీపి అక్కడా తెలుస్తుంది. మిరపకాయ బజ్జీ తిని నోరు మండుతుంటే నీళ్ళు తాగొద్దంటారు. తాగండి, తాగి మంట ఎంత తగ్గిందో చూడండి. ఆ తరవాత ఒక చెంచా పెరుగు తినండి. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, పెరుగులో ఉండే కొవ్వూ మాంసకృత్తులూ దాన్ని లాక్కుపోతాయి. నిజమైన వేడిని పసిగట్టే నరాల గ్రాహకాన్నే అది తట్టిలేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

ఇంత తెగించమని చెబుతున్నా, కొన్నిటి జోలికి వెళ్ళొద్దంటాను. షుగర్ మాత్రలు మాని ఫలానా కషాయం తాగమనే వీడియో ఒక సాయంత్రంలో మీ చేత్తో తేల్చుకునేది కాదు. దానికి లాబ్ పరీక్షా డాక్టరూ కావాలి. బ్లీచింగ్ పౌడర్‌నూ బాత్రూమ్ యాసిడ్‌నూ కలిపి మరకలు వదిలించే చిట్కా అసలే వద్దు, ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వస్తుంది.

వాటికి బదులు ఒక కోడిగుడ్డు ఖర్చుపెట్టండి. పచ్చి గుడ్డును గ్లాసులో పెట్టి మునిగేలా వెనిగర్ పోయండి. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్ కాబట్టి బుడగలు తేలుతూ కరుగుతుంది. మర్నాడు వెనిగర్ మార్చండి. పెంకు పూర్తిగా పోయాక మిగిలేది పల్చటి పొరలో మెత్తటి గుడ్డు. దాన్ని ఒక రాత్రి మంచినీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది, ఇంకో రాత్రి చిక్కటి పంచదార పాకంలో వేస్తే ముడుచుకుపోతుంది. పొరలోంచి నీళ్ళు లోపలికీ బయటికీ నడవడం అలా కనిపిస్తుంది. అయిపోయాక పారెయ్యండి, తినొద్దు. పట్టుకున్నవాళ్ళంతా సబ్బుతో చేతులు కడుక్కోండి.