మాటిమాటికీ పోయే ఫ్యూజు

1985 జులై 26. కెనడాలోని హామిల్టన్‌లో ఒక కేన్సర్ ఆస్పత్రి. నలభై ఏళ్ల మహిళ రేడియేషన్ చికిత్సకు వచ్చింది. మన వాళ్లు 'కరెంటు పెట్టించుకోవడం' అంటారే, అదే. థెరాక్-25 అనే మిషన్ కింద పడుకోబెట్టారు. కొన్ని సెకన్లకే మిషన్ ఆగిపోయింది. డోసు వెళ్లలేదని తెర మీద చూపించింది. ఆపరేటర్ 'పి' మీట నొక్కితే మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. ఐదోసారి ఆగాక ఇక కదల్లేదు. తుంటి దగ్గర మంటగా ఉందని ఆమె చెప్పింది. వెళ్లలేదన్న డోసు ఆ తుంటిని కాల్చేసింది.

తయారీదారు ఏఈసీఎల్ ఇంజనీర్లు ఎంత ప్రయత్నించినా ఆ తప్పు మళ్లీ రాలేదు. దాంతో అనుమానం మైక్రోస్విచ్‌ల మీదికి మళ్లింది. మిషన్ లోపల తిరిగే పళ్లెం ఏ స్థానంలో ఉందో చెప్పేవి ఆ మూడు చిన్న స్విచ్‌లే. అందులో ఒకటి మొరాయించినా మోసపోకుండా ప్రోగ్రామ్‌ను మార్చారు. భద్రత కనీసం లక్ష రెట్లు పెరిగిందని ప్రకటించారు.

చెడిపోయే స్విచ్‌ను ప్రోగ్రామ్ కాచుకోవాలనడం తప్పని నేననను. కాచుకోవాల్సిందే. ప్రోగ్రామ్‌ను ఎవరు కాచుకోవాలో అక్కడ ఎవరూ అడగలేదు. అదీ నా బాధ. 1983లో చేసిన భద్రతా విశ్లేషణలో ప్రోగ్రామ్‌లో మిగిలిన తప్పులను అసలు లెక్కలోకే తీసుకోలేదు. వాడకం వల్ల ప్రోగ్రామ్ అరిగిపోదు కదా అని రాసుకున్నారు.

1986 మార్చి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, టైలర్ పట్టణం. ఆపరేటర్ ఎలక్ట్రాన్ చికిత్సకు 'ఇ' కొట్టబోయి, అలవాటు కొద్దీ ఎక్స్‌రేకి వాడే 'ఎక్స్' కొట్టింది. వెంటనే చూసుకుని, కర్సర్ పైకి జరిపి దిద్దింది. చేయి తిరిగిన మనిషి కాబట్టి చకచకా అయిపోయింది. లోపల అయస్కాంతాలు సర్దుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలో దిద్దిన దిద్దుబాటు ప్రోగ్రామ్ కంట పడలేదు. తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అని వచ్చింది. అంటే ఏమిటో చెప్పిన వాళ్లు లేరు. మళ్లీ 'పి' నొక్కింది. 180 రాడ్లు (రేడియేషన్ డోసు కొలమానం) పడాల్సిన చోట 16,500 నుంచి 25,000 రాడ్ల దాకా పడి ఉంటాయని తర్వాత అంచనా వేశారు. ఐదు నెలలకు ఆ రోగి చనిపోయాడు. ఏప్రిల్‌లో అదే ఆస్పత్రిలో ఇంకొకరికి అదే జరిగింది. ఆయన నెల కూడా బతకలేదు.

ఆస్పత్రి ఫిజిసిస్టు, ఆ ఆపరేటర్ కలిసి మీటలు కొట్టీ కొట్టీ మాల్‌ఫంక్షన్ 54ను మళ్లీ రప్పించారు. తప్పు ప్రోగ్రామ్‌దని తేలింది. హామిల్టన్‌లో స్విచ్ చెడిందన్నది మాత్రం ఎన్నడూ రుజువు కాలేదు.

ఈ వార్త షికాగో విశ్వవిద్యాలయ రేడియేషన్ కేంద్రానికి చేరింది. అక్కడున్నది పాత మోడల్, థెరాక్-20. దానితో ఎప్పుడూ ఒకటే గొడవ. కొత్త విద్యార్థులు వచ్చినప్పుడల్లా వారానికి మూడేసి సార్లు ఫ్యూజులు, బ్రేకర్లు పోయి మిషన్ ఆగిపోయేది. వాళ్లకు చేయి తిరిగాక నెలల తరబడి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అక్కడి ఫిజిసిస్టుకు అనుమానం వచ్చి, తప్పులు కొట్టి, దిద్దుతూ చూశాడు.

ఫ్యూజు పోయింది.

అదే తప్పు థెరాక్-20 ప్రోగ్రామ్‌లోనూ ఉంది. విద్యార్థులు తప్పు కొట్టి దిద్దుకునేటప్పుడు అది బయటికొచ్చేది, వచ్చిన ప్రతిసారీ విడిగా అమర్చిన రక్షణ సర్క్యూట్ మిషన్‌ను ఆపేసింది. ఆ తప్పు వల్ల థెరాక్-20 కింద ఒక్క రోగికీ హాని జరగలేదు.

థెరాక్-25 తయారుచేసేటప్పుడు ఆ సర్క్యూట్లను పెట్టలేదు. ఆ పని ప్రోగ్రామ్ చూసుకుంటుందనుకున్నారు.