పెద్దబడి భక్తుడు

మాదాపురమున నుండనీ, మధురవాడ కొండమీద నుండనీ, ప్రతి సాఫ్ట్‌వేరు కార్యాలయమునను డేటాబేసునకు ద్వారపాలకుడై యొక పెద్దబడి (అనగా క్యాపిటల్ అక్షరముల) భక్తుడుండును. అక్షరములలో పెద్దలును పిన్నలును లేని తెలుగు లిపిలో ఓనమాలు దిద్దినవాడే యైనను, ఆంగ్లాక్షరముల హోదాల విషయమున ఆయనకు గల పట్టింపు ఆంగ్లేయులకును లేదు. శుభలేఖలో తన యింటిపేరు తప్పుపడినను చిరునవ్వుతో క్షమించు నీ మహానుభావుడు, టేబులు పేరున మొదటి యక్షరము చిన్నబడిలో కనబడెనా, ఆ పూట కాఫీ ముట్టడు.

ఆయన ఆగ్రహమునకు శాస్త్రాధారము లేకపోలేదు. కోట్సు లేక వ్రాసిన పేరును ఒరాకిల్ యావత్తు పెద్దబడిలోనికి మార్చుకొనును. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణము చెప్పునదియు నదియే. పోస్ట్‌గ్రెస్ మాత్రము ప్రమాణమునకు పెడమొగమై సర్వమును చిన్నబడిలోనికి దించును. మై ఎస్‌క్యూఎల్ సంగతి మరింత విచిత్రము: అందు టేబులు పేరు డిస్కుమీది ఫైలు పేరు నాశ్రయించి యుండుటచే, విండోసుపై ఎట్లు పిలిచినను పలికిన టేబులు, లినక్సునకు మారిన మరునాడు అట్టివారెవరును లేరు పొమ్మనును; కాలమ్ పేర్లకో, ఎచ్చటను ఈ పట్టింపే లేదు. 8.0 వెర్షను నుండి టేబులు పేర్ల యీ యాచారమును సర్వరు పుట్టునాడే నిర్ణయింపవలెను గాని, పిదప మార్చ వీలులేదు.

ఇన్ని భేదములను కంఠస్థము చేసినవాడు సామాన్య మానవుడే యైనచో, పేర్లన్నిటిని చిన్నబడిలో వ్రాసి, మాటల నడుమ అండర్‌స్కోర్ ఉంచి, హాయిగా నిద్రించును. మన భక్తుడట్లు చేయడు. జంట కోట్సు నడుమ నుంచిన పేరు ఉన్నదున్నట్లు నిలుచునను రహస్య మెరిగినవాడగుటచే, పోస్ట్‌గ్రెస్‌లో తాను సృజించు ప్రతి టేబులునకును కోట్సుతో మడి కట్టించును; నాటినుండి దానిని ముట్టదలచిన ప్రతివాడును, అర్ధరాత్రి నిద్రమత్తులో లేచి సర్వరు సరిచేయువాడు సైతము, కోట్సు తొడిగియే పిలువవలెను.

ఇట్టి యాచార్యుని యేలుబడిలో ఒకచోట, కొత్తగా చేరిన కుర్రవాడు కోట్సు మరచి పిలిచి, అట్టి టేబులు లేదన్న సమాధానమును నమ్మి, అదే పేర చిన్నబడిలో మరియొకటి సృష్టించెను. పోస్ట్‌గ్రెస్ కిమ్మనలేదు; దాని దృష్టిలో అవి వేర్వేరు. ఖాతాదారులు కొందరందును కొందరిందును చేరగా, నెలాఖరు లెక్క పొసగక, మేనేజరు తల పట్టుకొని వచ్చి, "ఏమండీ, ఇందులో అసలు టేబులేదీ?" అని యడిగెను.

ఆచార్యుడు కండ్లజోడు తుడుచుకొని, "రెండూ అసలువేనండీ. మీకేది కావాలో సరిగ్గా పిలవండి, పలుకుతుంది" అనెను.