మీటరు పెట్టకుంటే విషమే లేదు

రూలు లేనిదే అమెరికాలో ఆకైనా కదలదు. రేడియోధార్మిక వ్యర్థాన్ని డ్రైనేజీలో కలపడానికి కూడా అక్కడ రూలుంది. లైసెన్సున్న ల్యాబో ఫ్యాక్టరీనో ఏడాదికి 5 క్యూరీల ట్రిటియం, 1 క్యూరీ కార్బన్-14, మిగతావన్నీ కలిపి ఇంకో క్యూరీ సింకులో పోసేయొచ్చు. నీళ్ళలో కరగాలి, నెలవారీ గాఢత హద్దు దాటకూడదు, అంతే. అయోడిన్-131 మింగిన రోగి మూత్రానికైతే ఆ లెక్క కూడా లేదు. పోనీలెండి, రోగిని ఆపగలమా!

కాలువ చివర శుద్ధి కేంద్రం ఉంటుంది. నీళ్ళు తేరుకుని నదిలోకి పోతాయి, ఊరంతా వదిలింది అడుగున మడ్డిగా చిక్కబడుతుంది. ఆ మడ్డినే ట్రక్కులకెత్తి చేలకు ఎరువుగా తోలతారు. దానికీ 1993లో రూలు రాశారు. సీసం, పాదరసం, కాడ్మియం వగైరా తొమ్మిదింటికి అందులో ఇప్పుడు హద్దులున్నాయి. రేడియోధార్మికతకు మాత్రం ఒక్క అంకె లేదు.

అణు నియంత్రణ సంఘం సింకు దగ్గర చేతులు దులుపుకుంటుంది. పర్యావరణ సంస్థ తొమ్మిది లెక్కపెట్టి పుస్తకం మూసేస్తుంది. ఎవరికి వారే యమునా తీరే! మొక్క మాత్రం మడ్డిలో రేడియోధార్మిక సీజియం ఉంటే దాన్ని పొటాషియం అనుకుని పీల్చుకుంటుంది. పాపం, దానికి రూలుబుక్కు చదవడం రాదు.

1991లో క్లీవ్‌లాండ్ మురుగు కేంద్రంలో కోబాల్ట్-60 పేరుకుపోయిందని తెలిసింది. ఎలా తెలిసిందనుకున్నారు? గాల్లో ఎగురుతూ సర్వే చేస్తుంటే కింద నుంచి పలికింది! డ్రైనేజీలో రేడియోధార్మిక పదార్థం వదలగలిగే లైసెన్సుదారులు సుమారు 1,100 మంది ఉంటే, తనిఖీ జరిగింది 15 చోట్లేనని 1994లో ప్రభుత్వ ఆడిటర్లే తేల్చారు. ఆ తర్వాత ప్రభుత్వ సంస్థలు, ఇష్టపడి ముందుకొచ్చిన 300 పైచిలుకు కేంద్రాల మడ్డిని పరీక్షించి, దేశమంతటా కంగారుపడాల్సిందేమీ లేదన్నారు. సంతోషం. భయమే లేనప్పుడు హద్దు రాయడానికి భయమెందుకు?

జపాన్ రాసింది. మడ్డిని ఎరువుల తయారీకి వాడాలంటే సీజియం కిలోకు 200 బెక్వెరెల్స్ మించకూడదని 2011లో గిరిగీసింది. ఆ ఒక్క అంకె కోసం ఫుకుషిమాలో మూడు రియాక్టర్లు కరగాల్సి వచ్చింది. అమెరికాకు ఎన్ని కరగాలో, కనీసం దానికైనా ఒక రూలు రాసి పెడితే రైతు సిద్ధంగా ఉంటాడు.