కాస్త పెద్దది చెయ్యి బాబూ

మా బాబాయి వంకాయలు కొనేటప్పుడు ఒక్కొక్కదాన్నీ తొడిమ పట్టుకుని తిప్పి చూస్తాడు. పుచ్చు లేదని నమ్మకం కుదిరాకే బేరం మొదలుపెడతాడు, పుచ్చుందేమోనంటూ. గుంటూరులో మా పిన్ని పెట్టే పచ్చళ్ళు హైదరాబాదుకీ, అక్కణ్ణించి సూట్‌కేసుల్లో డల్లాసుకీ పోవడం మొదలయ్యాక ఈ మనిషికి లోగో కావలసొచ్చింది. తొడిమ లేని సరుకు కొనడం ఆయనకదే మొదటిసారి.

ఈ జాతి వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. సీసాకిస్తారు, మూతకిస్తారు, అట్టపెట్టెకీ ఆటోకీ కూడా ఇస్తారు. బొమ్మ దగ్గరికొచ్చేసరికి చెయ్యి జేబులోనే ఉండిపోతుంది. ‘గీసేది కంప్యూటరే కదరా, వాళ్ళకి కరెంటు ఖర్చు తప్ప ఏముంది?’ అంటారు.

మొదట బ్రాడీపేటలో ఒకమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాను. హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదివొచ్చింది. కంప్యూటర్ వైపు చూడనైనా చూడకుండా నోటు పుస్తకం తీసింది. మీ పచ్చళ్ళు ఎక్కువగా కొనేదెవరు అంకుల్? మూత ఎంత వెడల్పు? బిల్లు మీద రబ్బరు స్టాంపుగా కూడా పడాలా? మేం నమూనాకి తీసుకెళ్ళిన సీసాని అటూ ఇటూ తిప్పి, ‘మూత మీద ఈ రాత ఎవరిది?’ అని కూడా అడిగింది.

‘అది మీ ఆంటీ మార్కరుతో గీకిందిలే, పట్టించుకోకు’ అన్నాడు బాబాయి. నా చెవిలో మాత్రం, ‘ఈ అమ్మాయికేం తెలీదురా, అన్నీ మననే అడుగుతోంది’ అన్నాడు.

పన్నెండు వేలంది. సగం అడ్వాన్సు, రెండు నమూనాలు, రెండుసార్లు మార్పులు. బాబాయి 500 దగ్గర మొదలుపెట్టాడు. నచ్చితేనే డబ్బులన్నాడు. పుచ్చకాయలమ్మేవాడే గాటు పెట్టి ఎరుపు చూపించి అమ్ముతున్నాడు, నీకేమైందమ్మా అన్నాడు. ఏ వీడియోలోనో చూసిన బ్రహ్మాస్త్రం ఆఖర్న తీశాడు. ‘ఆ నైకీ బూట్ల టిక్కు మార్కు ఎంతకి గీశారో తెలుసా? 35 డాలర్లు!’

‘అవునంకుల్, 1971లో. పోర్ట్‌లండ్‌లో చదువుకుంటున్న కరోలిన్ డేవిడ్సన్ గీసింది.’

‘అప్పట్లో డాలరు ఏడున్నర. అంటే 262 రూపాయల 50 పైసలు!’

‘1983లో ఆ కంపెనీ వాళ్ళే ఆవిణ్ణి పిలిచి ఉంగరం, షేర్లు ఇచ్చారంకుల్.’

‘మనమూ ఇద్దాంలే. నీకు జీవితాంతం ఆవకాయ.’

ఆ పిల్లకి ఓపిక ఎక్కువ. స్టేట్ బ్యాంకు గుర్తు చూపించింది. అహ్మదాబాదు ఎన్‌ఐడీకి చెందిన శేఖర్ కామత్ గీసింది, నీలం గుండ్రం, మధ్యలో తాళం కన్నం, అందులో నోట్ల కట్టలూ లేవు, లక్ష్మీదేవీ లేదు అని చెప్పింది. ‘బ్యాంకువాళ్ళకేం తల్లీ! మామిడికాయ కనబడకపోతే ఆవకాయని ఎవడు నమ్ముతాడు?’ అన్నాడు బాబాయి. నిజం చెప్పొద్దూ, ఈ ముక్క నాకూ సబబుగానే తోచింది.

ఆ రాత్రి అన్నం తింటూ ‘పన్నెండు వేలట! సగం అడ్వాన్సట!’ అని పిన్నికి పదిసార్లు చెప్పాడు. పదకొండోసారి మజ్జిగలో మునిగిపోయింది.

మర్నాడు తనకి తగ్గ డిజైనర్ని తనే వెతుక్కున్నాడు. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ కుర్రాడు. ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు. ‘చెప్పండి సార్’ అంటాడు, చెప్పింది పెడతాడు. 600 రూపాయలు. బాబాయి వాడి పక్కనే ప్లాస్టిక్ స్టూలేసుకుని కూర్చున్నాడు. వేలు తెరకి ఆనించి, కాస్త పెద్దది చెయ్యి బాబూ అంటే మామిడికాయ పెద్దదైంది. దాని పక్కన మిరపకాయలు చిన్నబోతే వాటినీ పెంచారు. తర్వాత జాడీ వచ్చింది, రోలొచ్చింది, వెనకాల సూర్యుడు ఉదయించాడు, పైన నామాలు వెలిశాయి. కుర్రాడు ఇంటర్నెట్‌లోంచి తెల్లటోపీ మీసాల వంటవాణ్ణి దింపాడు. పచ్చళ్ళన్నీ పెట్టేది పిన్ని అని నేనంటే, ‘ఊరుకోరా, మీసముంటే ఘాటుగా ఉంటుంది’ అన్నాడు. న్యూమరాలజీ ఆయన ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకో ‘ఏ’ ఇరికించాడు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ దణ్ణాలు పెట్టారు. ‘కొంచెం సింపుల్‌గా ఉంటే బాగుండేది మామయ్యా’ అన్న డల్లాసు అల్లుడి గుడ్ మార్నింగులకి రెండ్రోజులు జవాబు లేదు.

ఇక అచ్చు. మూత వెడల్పు 63 మిల్లీమీటర్లు. అందులో సూర్యుడు మచ్చయ్యాడు, వంటవాడి మీసం మిరపకాయలో కలిసిపోయింది. తెరమీద నిప్పులా వెలిగిన ఎరుపు కాగితం మీద ఇటుక రంగుకి దిగింది. బోర్డువాడికి వాట్సాప్‌లో వచ్చిన బొమ్మనే పంపించడంతో, పది అడుగుల ఫ్లెక్సీ మీద మామిడికాయ గళ్ళలుంగీ కట్టుకుంది. అసలు ఫైలిమ్మని వెళితే, ‘ఓపెన్ ఫైలుకి ఇంకో 600 సార్’ అన్నాడు కుర్రాడు. ఆ ఒక్కసారే వాడు చెప్పింది చెయ్యలేదు.

ట్రేడ్‌మార్కు కోసం ఆడిటర్ గారి దగ్గరికెళ్ళాం. పచ్చళ్ళు 29వ తరగతి కిందకొస్తాయనీ, మనలాంటి చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్‌లో 4,500 ఫీజనీ చెబుతూ బొమ్మ చూసి ఆగారు. ‘ఈ వంటాయన మా సందులో కర్రీ పాయింటు బోర్డు మీద కూడా ఉన్నాడండీ’ అన్నారు. బాబాయి పరుగున వెళ్ళి చూశాడు. ఎండకి వెలిసిపోయిన ఆ బోర్డుకి ఆరేడేళ్ళుంటాయి. ‘చూశావా, మనది అప్పుడే కాపీ కొట్టేశారు!’ అన్నాడు.

వారం తర్వాత హైదరాబాదు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ‘ఆ మీసాలాయన సీసాలు వద్దండీ, ఎప్పటిలా మూత మీద చేత్తో రాసినవే పంపండి. అవే మీవని మాకు గుర్తు.’ అదే రోజు ఇంకో ఇద్దరు ఆ మాటే అన్నారు. పిన్ని ‘ఆవకాయ’లో ‘ఆ’ తోకని మూత చుట్టూ తిప్పి తెస్తుంది మరి.

‘ఆ అమ్మాయి మొదటిరోజే అడిగింది కదా బాబాయ్’ అన్నాను.

బాబాయి మూతని వంకాయలా తిప్పి తిప్పి చూశాడు. పుచ్చేమీ కనబడలేదు.

‘అయితే దీన్నే లోగో చేసుకోవచ్చంటావు.’

‘ఆఁ.’

‘మరి దీనికి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదుగా?’

వంటింట్లోంచి పిన్ని గొంతు వినబడింది.

‘పన్నెండు వేలు. సగం అడ్వాన్సు.’