సర్టిఫికెట్‌లో ఇంకో గడి కావాలి

కేంద్ర ఫిల్మ్ సర్టిఫికేషన్ బోర్డు వారికి,
హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం ద్వారా.

విషయం: కలిసి సినిమాకి వెళ్లే ఇద్దరు స్నేహితుల నిమిత్తం సర్టిఫికెట్‌లో ఒక గడి పెంచవలసిందని విన్నపం.

ఆర్యా,

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం పుణ్యమా అని ఈ దేశంలో ఏ సినిమా ఎవరు చూడొచ్చో తేల్చే పని తమది. మొదట యు, ఎ అన్నారు. 1983లో నడుమ యుఎ పెట్టారు. 2023లో చట్టం సవరించి, ఆ యుఎని కూడా 7, 13, 16 ఏళ్లంటూ మూడు వాటాలు వేశారు. పదమూడేళ్ల పిల్లాడి మనసు గురించి ఇంత ఆలోచించిన తమరు, నలభై దాటిన ఇద్దరు మగాళ్లు శుక్రవారం పొద్దున్నే ఫోన్లో ఎందుకు కొట్టుకుంటున్నారో ఒక్కనాడూ వాకబు చేయలేదు. తమ లెక్కలో ప్రేక్షకుడంటే ఒక వయసు, అంతే. వాడి పక్క సీట్లో ఎవడు కూర్చుంటాడన్నది ఏ ఫారంలోనూ లేదు.

తమ దగ్గర ఎంత పద్ధతి! ముందు పరిశీలన కమిటీ చూస్తుంది. నిర్మాత ఒప్పుకోకపోతే రివైజింగ్ కమిటీ. దాని మీద ఒక ట్రిబ్యునల్ ఉండేది, 2021లో ఎత్తేశారు, ఇప్పుడు తిన్నగా హైకోర్టే. మా పరిశీలన కమిటీలో ఉన్నది నేనూ మావాడూ కాబట్టి ఓట్లు ఎప్పుడూ ఒకటికి ఒకటి. రివైజింగ్ కమిటీ అంటే మావాడి బావమరిది. ఏ సినిమా గురించి అడిగినా ఆయన "ఒకసారి చూడొచ్చు" అంటాడు. ఈ తీర్పు మీద అప్పీలుకి ఏ హైకోర్టు మెట్లెక్కమంటారు?

మావాడు బాలయ్య అభిమాని. నేను చిరంజీవి అభిమానిని. 2023 సంక్రాంతికి జనవరి 12న వాడి హీరోది వీరసింహారెడ్డి, 13న నా హీరోది వాల్తేరు వీరయ్య వచ్చాయి. ముందు దేనికెళ్లాలన్న దాని మీద మేం మాటలు మానుకునేదాకా పోయింది. తర్వాత తీరిగ్గా పోస్టర్లు చూస్తే రెండూ తీసింది ఒకే నిర్మాణ సంస్థ, మైత్రీ వాళ్లే. రెండింట్లోనూ శ్రుతి హాసనే. వాళ్ల ఆఫీసులో రెండు సినిమాల లెక్కలూ ఒకే బీరువాలో ఉండుంటాయి, విడిపోయింది మాత్రం మేము.

మరుసటేడు జనవరి 12న గుంటూరు కారం, హనుమాన్ ఒకే రోజు దిగాయి. ఆ రెండింట్లోనూ మా హీరోలు లేరు కదా, ఈసారి గండం గడిచిందనుకున్నాను. అప్పుడు హాలు దగ్గర పేచీ. మావాడికి క్రాస్ రోడ్స్‌లో సుదర్శనే కావాలి, ఈలలు పడకపోతే వాడికి సినిమా అరగదు. నాకు మల్టీప్లెక్సు, మోకాళ్లకి కాస్త చోటు. హాలు తేలితే రేటు. పెద్ద సినిమాలకి మొదటి రోజుల్లో టికెట్ పెంచుకోమని సర్కారు వారు జీవోలు ఇస్తుంటారు. వారం ఆగితే దిగుతుందని మావాడు. వారం ఆగితే కథంతా ఫోన్లోకి వచ్చేస్తుందని నేను. ఇంకొన్నాళ్లు ఆగితే ఓటీటీలోనే వస్తుంది కదా అని మా ఇంట్లోవాళ్లు. రివ్యూలు చూసి తేల్చుకుందామంటే అన్నిటికీ అయిదుకి రెండు ముప్పావు.

ఇవన్నీ పైపై తగాదాలు. తమతో చెప్పుకోవాల్సిన అసలు కష్టం వేరే ఉంది. ఇద్దరిలో సినిమా పేరు ముందు ఎత్తినవాడు హాల్లో సినిమా చూడలేడు. నిర్మాతకి కూడా లేనంత ఆదుర్దాతో పక్కవాడి మొహం చూస్తుంటాడు. కామెడీ సీనుకి పక్కవాడు నవ్వకపోతే తనే గట్టిగా నవ్వి నమూనా చూపిస్తాడు. ఫ్లాష్‌బ్యాక్ సాగుతుంటే "ఇంటర్వెల్ దగ్గర లేస్తుందట" అని దర్శకుడి తరఫున హామీ ఇస్తాడు. పాప్‌కార్న్ డబ్బులు తనే పెడతాడు, జరిమానా ముందుగా కట్టేసినట్టు. పేరు ఎత్తనివాడికేం, మహారాజు! కాళ్లు బారజాపుకుని, మధ్యలో వాట్సాప్ చూసుకుని, చివర్లో పార్కింగ్‌లో బండి తీస్తూ "నువ్వన్నావని వచ్చాను" అంటాడు. ఆ మాటకి కాలపరిమితి లేదు. ఏ పెళ్లిలో కలిసినా తవ్వి తీస్తారు. అందుకని మేమిద్దరం పేరు ఎత్తడమే మానేశాం. "నీ ఇష్టం" అంటే "కాదు, నీ ఇష్టం" అనుకుంటూ కూర్చునేసరికి మంచి సీట్లన్నీ పోయి తెరకి ఆనుకున్న వరస మిగులుతుంది.

ఒక్కసారి మాత్రం పేచీ లేకుండా కుదిరింది, 2024లో ‘ప్రేమలు’ తెలుగులోకి వచ్చినప్పుడు. మలయాళం సినిమా, కథ నడిచేది మన హైదరాబాద్‌లో. అందులో ఎవరూ మాకు కావలసినవాళ్లు కారు, బాగోకపోయినా ఎవరి పరువూ పోదు. పడీపడీ నవ్వాం. హైదరాబాద్‌లో కాపురముండే ఇద్దరం హైదరాబాద్ కథని కలిసి చూడాలంటే కేరళవాళ్లు తీసిపెట్టాల్సి వచ్చింది.

కనుక నా కోరిక. తమ సర్టిఫికెట్ మాకు తెర మీద కనబడేది టికెట్ కొని, సీట్లో కూర్చున్నాకే. అప్పటికి చేయగలిగిందేమీ లేదు, సరే. కానీ దాంట్లో దరఖాస్తుదారు పేరు, నిర్మాత పేరు, నిడివి ఎలాగూ వేస్తున్నారు. వాటి కిందే ఇంకో గడి పెట్టించండి: "ఈ సినిమా ఎంచుకున్నది ఇద్దరూ." కింద తమ ముద్ర. కేంద్ర ప్రభుత్వం ముద్ర పడ్డాక పార్కింగ్‌లో మావాడు నోరెత్తలేడు.

వీలైతే ఇంకొకటి. పొగ తాగే సీను వచ్చినప్పుడల్లా తెర అడుగున హెచ్చరిక పడుతోంది. అది ఆరోగ్య శాఖ వారి ఏర్పాటే అనుకోండి, అయినా ఒక మాట చెప్పి చూడండి. సెకండాఫ్ సాగుతున్నచోటల్లా అదే జాగాలో "దీనికి పక్క సీటువాడు బాధ్యుడు కాడు" అని ఒక లైను వేయిస్తే చాలు.

ఇట్లు,
పేరు ఎత్తడానికి జంకే ఒక ప్రేక్షకుడు

నకలు: మావాడికి. (వెంటనే చదవడు. టాక్ ఎలా ఉందో కనుక్కుని చదువుతాడు.)